కుడికాలి స్క్రూలు

నాన్న పోయిన తొమ్మిదో రోజున నరసింహులు అంకుల్ పలకరింపుకు వచ్చాడు. ఆయనా నాన్నా కడపలో ఒకే కాలేజీ, ఆక్లాండ్‌లో చాలాకాలం ఒకే ఆఫీసు. బోటనీ డౌన్స్‌లోని మా ఇంటి హాల్లో, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుని, అమ్మతో అన్నాడు: "ఆసుపత్రిలో కడాసారి చూసినప్పుడు గూడా అదే మాట వదినా. 'నా బతుకులో ఒక్క తప్పు చేసినా నరసింహులూ, ఆ స్క్రూలు నేను ఒక్కసారి చూసింటే సరిపోయేది' అన్నాడు." అమ్మ తల అడ్డంగా ఊపింది. "నన్ను ఊరడించేదానికి అట్ల అంటాండె అన్నా ఆయన. స్క్రూలు ఏం చేస్తాయి? ఆ వయసులో అది నాకు చేతగాలేదు, పడినా. అంతే." నేను వంటింటి గుమ్మంలో, ఖాళీ గ్లాసుల కోసం వచ్చి, ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇరవై ఏళ్లపాటు ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఆయన తప్పు తనదనుకున్నాడు, ఆమె తప్పు తనదనుకుంది. ఇద్దరిదీ కాదు. ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నాన్న దాన్ని ఆసుపత్రి మంచం దాకా మోసుకుపోయాడని ఆ నిమిషం వరకూ నాకు తెలియదు.

అప్పుడు నాకు పదహారేళ్లు. మేం న్యూజీలాండ్ వచ్చి ఐదేళ్లయింది. నాన్న కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే వారానికి సరిపడా ఐదు చొక్కాలు వరసగా కుర్చీ మీద వేసుకుని, వేళ్లతో నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసుకునేవాడు. అమ్మను ఆ పని ముట్టనిచ్చేవాడు కాదు. ఎందుకంటే అమ్మ ఉద్యోగమే అది. వృద్ధాశ్రమం ఒకదాంట్లో లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసేది. అమ్మ ఇంటికి వస్తే ముందు సబ్బు వాసన వచ్చేది, తర్వాత అమ్మ వచ్చేది. రెండు వారాలకోసారి కారులో మన సరుకుల షాపులుండే శాండ్రింగ్‌హామ్ వెళ్లి జొన్నపిండి, రాగిపిండి, గోంగూర తెచ్చుకునేవాళ్లం. ఆ రాత్రికి సంగటి, గోంగూర పచ్చడి. నేను ముక్కు ఎగరేస్తూనే రెండు ముద్దలు తినేదాన్ని. మంగళవారం మాత్రం వంట నాన్నది, ఎప్పుడూ పప్పే. ఆ సంవత్సరం అమ్మకు మంగళవారం సాయంత్రాలు ఎక్స్‌ట్రా షిఫ్ట్ ఉండేది. వచ్చేసరికి చెంపలు ఎర్రగా కంది ఉండేవి, ఒకసారి మోకాలి మీద నీలంగా కమిలిన మచ్చ చూసి అడిగితే "ట్రాలీ తగిలినాది లేమ్మా" అంది. నేను నమ్మాను. పదహారేళ్ల వయసులో అమ్మ గురించి రెండో ప్రశ్న ఎవరు అడుగుతారు?

అమ్మ ఎలాంటి మనిషో చెబితేగాని తర్వాత జరిగింది అర్థం కాదు. షాపింగ్ సెంటర్‌లో ఎస్కలేటర్ ముందు ఆగి, నా మోచెయ్యి పట్టుకుని, మెట్టు మీద మెట్టు పోనిచ్చి, ధైర్యం కూడగట్టుకుని కాలు పెట్టే మనిషి. సముద్రం దగ్గరికి వెళితే చీర కుచ్చెళ్లు తడవనంత దూరంలో నిలబడేది. నలుగురు తెలుగు ఆంటీలు చేరినచోట వెనక వరసలో కూర్చుని నవ్వేది. నా స్నేహితురాళ్ల తల్లులు నెట్‌బాల్ ఆడేవాళ్లు, ఒకావిడ మారథాన్ పరుగెత్తేది. నేను మా అమ్మను ఇంట్లో ఉండే ఒక మెత్తని వస్తువులాగా లెక్కవేసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ముందటేడు స్కూలు వాళ్లు మమ్మల్ని మంచుకొండకు తీసుకెళ్లినప్పటి నుంచి నాకు స్నోబోర్డు పిచ్చి పట్టింది. లైబ్రరీలో పత్రికలు తెచ్చుకుని, కొత్త బోర్డును మొదటి రోజుకు ఎలా సిద్ధం చేయాలో బట్టీపట్టాను. అడుగుకు మైనం కరిగించి పట్టించాలి. బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బైండింగులను రెండింటినీ, ఒక్కోదానికి నాలుగు స్క్రూలతో బిగించాలి. పాదాల మధ్య ఎంత దూరం, ఏ కాలు ముందు, ఎంత వంకర, అన్నీ నోటికొచ్చు. అందుకే ఇక్కడ చలికాలమైన జూలై సెలవులు మొదలైన శనివారం పొద్దున నాన్న గరాజ్‌లోకి పిలిచి పొడుగాటి అట్టపెట్టె చూపించి, "ఇది నువ్వే సిద్ధం చేయాల పాపా. నాకు తెలీదు. గురువారం కొండకు పోతున్నాం" అన్నప్పుడు నాకు గుండె ఆగినంత పనయింది. నా పుట్టినరోజు ఆ వారంలోనే. నేను నాన్న మెడ పట్టుకుని వేలాడాను. ఆయన ఏదో చెప్పబోయాడు. అప్పుడే ఇంట్లో ఫోన్ మోగింది, వెళ్లిపోయాడు.

తెల్లటి బోర్డు, అంచున నీలం గీత. కొత్త ప్లాస్టిక్ వాసన, జిగురు వాసన. రెండు కుర్చీల మీద దాన్ని బోర్లా పడుకోబెట్టి, నాన్న ఇస్త్రీ పెట్టె అడగకుండానే తెచ్చి, మైనం ముక్కను దాని వేడి అడుగుకు ఆనించాను. చుక్కలు చుక్కలుగా బోర్డు మీద రాలాయి. ఆ చుక్కలను ఇస్త్రీతో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుస్తుంటే గరాజ్ అంతా కొవ్వొత్తుల వాసన. అమ్మ వచ్చింది. ఇస్త్రీ పెట్టె చూసి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా పక్కన నిలబడి, "ఒకచోట ఆపొద్దు, జరుపుతానే ఉండు. అడుగు మాడుతుంది" అంది. లాండ్రీ మనిషి కదా, అందుకే తెలుసనుకున్నాను. చల్లారాక ప్లాస్టిక్ పలకతో మైనం గీకుతుంటే తెల్లటి పొట్టు కాళ్ల దగ్గర రాలుతోంది. అమ్మ అరచేత్తో బోర్డు మీద మెల్లగా రాసి, "ఎంత నున్నగైందో" అని, నన్ను కాకుండా బోర్డునే చూస్తూ నవ్వింది. నా సంతోషం చూసి సంతోషపడుతోందనుకున్నాను.

అమ్మ లోపలికి వెళ్లాక బైండింగులు మొదలుపెట్టాను. ఎడమది పెట్టి, నాలుగు స్క్రూలూ స్క్రూడ్రైవర్ మీద నా బరువంతా వేసి బిగించాను. కుడిది పెట్టి, నాలుగు స్క్రూలూ వేళ్లతోనే తిప్పి నిలబెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, బిగించే ముందు బూట్లు పెట్టి చూసుకోవాలని. మూలనున్న చిన్న పెట్టె తెరిచి బూటు తీసి కాలు పెట్టాను. దూరలేదు. మడమ బయటే ఉండిపోయింది. బూటు నాలుక తిప్పి చూశాను. ఐదో సైజు. నాది ఏడు. షాపు వాళ్లు తప్పు పంపారని కేకేశాను. నాన్న గుమ్మంలోకి వచ్చాడు. నా చేతిలో బూటు చూశాడు, నా మొహం చూశాడు.

"పాపా, అది అమ్మకు."

నాకు అర్థం కాలేదు. "అమ్మకేంటి?"

"బోర్డు. అమ్మది. పొద్దున చెప్పాలనుకున్నా, నువ్వు..." నాన్న తల గోక్కున్నాడు. "అమ్మ నేర్చుకున్నాది. సిల్వర్‌డేల్ దగ్గర పెద్ద షెడ్డు లోపలే మంచు పోసి పెట్టినారు చూడు, ఆడికి పోతాది, ట్రిష్‌తో గూడా. మంగళవారాలు."

ట్రిష్ అంటే లాండ్రీలో అమ్మతో పనిచేసే కివీ ఆవిడ. మంగళవారాలంటే ఎక్స్‌ట్రా షిఫ్ట్. ఎస్కలేటర్ ఎక్కడానికి నా మోచెయ్యి పట్టుకునే అమ్మ! నాన్నకు తెలుసు, ట్రిష్‌కు తెలుసు, పప్పుకు కూడా తెలుసేమో, నాకొక్కదానికే తెలియదు. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, నాన్న గొంతు తగ్గించి, "నువ్వు నవ్వుతావని" అన్నాడు.

నేను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసి నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. మోసపోయినట్టు ఏడ్చాను. ఎవరూ నన్ను మోసం చేయలేదు, నేనే పెట్టెను నాదనుకున్నాను. అయినా నలభై రెండేళ్ల ఆడమనిషికి స్నోబోర్డు ఏమిటి, పదహారేళ్ల కూతురికి లేకుండా? సాయంత్రం అన్నాలప్పుడు నాన్న జాగ్రత్తగా అడిగాడు: "బోర్డు అయిపోయినాదా పాపా?" అమ్మ నా కంచంలో నెయ్యి వేస్తోంది. గరిటె ఆగింది. నేను తల ఎత్తలేదు.

"అయిపోయింది" అన్నాను.

అంతే. ఒక్క మాట. నేను కావాలని అమ్మను పడేయాలనుకోలేదు. రేపు బిగిద్దాంలే అనుకున్నాను. మర్నాడు గాని, ఆ తర్వాత గాని గరాజ్ వైపు వెళ్లబుద్ధి కాలేదు. బుధవారం రాత్రి నాన్న దాన్ని పాత దుప్పట్లో చుట్టి తాళ్లతో కారు మీద కట్టేశాడు.

రువాపెహు కొండకు ఐదు గంటల ప్రయాణం. అమ్మ ముందు సీట్లో పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, నాతో మాట కలపాలని చూసింది. నేను చెవుల్లో పాటలు పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున కొండ కింద ట్రిష్ మమ్మల్ని కలిసింది. పొట్టి తెల్లజుట్టు, పెద్ద గొంతు. "యువర్ మమ్ ఈజ్ ఎ నాచురల్, లవ్!" అని నా వీపు మీద చరిచింది. నాకు అద్దెకు ఒక గీతలుపడ్డ బోర్డు తీసుకున్నారు. నాన్న కోతి టోపీ పెట్టుకుని కాఫీ షాపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. లిఫ్టు దగ్గరికి వెళ్లే దారిలో ఒక చెక్కబల్ల ఉంది. దానికి గొలుసులతో స్క్రూడ్రైవర్లు కట్టి ఉన్నాయి, ఎవరికి కావలిస్తే వాళ్లు బోర్డు బిగించుకోవడానికి. ఇద్దరు కుర్రాళ్లు ఆ పనే చేస్తున్నారు. నేను ఆ బల్లను చూశాను. అమ్మ కుడి బైండింగ్‌ను చూశాను. చెబితే 'అయిపోయింది' అన్న మాట అబద్ధమని తేలుతుంది. వేళ్లతో తిప్పినా గట్టిగానే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని బల్ల దాటి వచ్చేశాను.

కుర్చీల లిఫ్టులో అమ్మ పక్కన కూర్చున్నాను. కాళ్ల కింద అంతా తెలుపు. అమ్మ రెయిలింగ్ పట్టుకోలేదు. "కోపమా?" అంది. నేను నా బోర్డు అంచుకు అంటిన మంచును బూటుతో తట్టాను. "వచ్చే ఏడు నీకూ ఒకటి కొనాలని నాయనకు చెప్పినా. ముందు నేను చెయ్యగలనో లేదో చూసుకుందామని..." అని ఆగి, "చూస్తా ఉండు, నవ్వొద్దు" అంది.

పైన దిగి, కూర్చుని, కుడికాలు కూడా బిగించుకుని లేచింది. లేచి, జారింది.

నేను నా జీవితంలో అంతగా విస్తుపోయింది మళ్లీ లేదు. అమ్మ మోకాళ్లు వంచి, భుజం తిప్పి, దాని వెంట నడుము తిప్పి, ఎడమకో మలుపు, కుడికో మలుపు, తొందర లేకుండా, దుప్పటి మడత పెట్టినంత తేలిగ్గా కిందికి దిగిపోతోంది. వదులుగా ఉన్న ఎర్ర జాకెట్ గాలికి ఉబ్బింది. నాకు గట్టిగా అరవాలనిపించింది, అది మా అమ్మ అని. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వెనకే పడుతూ లేస్తూ కిందికి దిగాను, ఇప్పుడే చెప్పేయాలి, బల్ల దగ్గరికి తీసుకెళ్లాలి అనుకుంటూ. నేను దిగేసరికి అమ్మా ట్రిష్షూ మళ్లీ లిఫ్టు ఎక్కేసి ఉన్నారు. అమ్మ గాలిలో వేలాడుతూ నాకు చెయ్యి ఊపింది. నేను కింది నుంచి "అమ్మా, ఆగు!" అని అరిచాను. ఆమె ఇంకా గట్టిగా చెయ్యి ఊపింది.

రెండోసారి బాగానే దిగడం మొదలుపెట్టింది. నేను కిందనే నిలబడి చూస్తున్నాను. సగం దారిలో, కుడివైపు మలుపు పూర్తయి బోర్డు తిన్నగా వచ్చాక, మలుపు పూర్తయ్యాకే, ఆమె వెనక కాలు బోర్డు నుంచి ఊడి పక్కకు పోయింది. బోర్డు ఎడమకాలికి వేలాడుతూ గిర్రున తిరిగింది. అమ్మ చెయ్యి చాపి పడింది. ఆ చప్పుడు నాకు వినిపించే దూరం కాదు. అయినా విన్నానని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొండ రక్షకులు ఆమెను స్లెడ్డు మీద దించారు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. నాన్న టోపీ చేతిలో పట్టుకుని పక్కన పరుగెత్తుతున్నాడు. రక్షకుడొకాయన బోర్డు తిప్పి చూసి, రెండు స్క్రూలు లేవని, మిగతా రెండూ ఊడి వేలాడుతున్నాయని, కొత్త బోర్డుకు మొదటి రోజు వదులవడం మామూలేనని, లేదా గట్టిగా పడితే కూడా ఊడొచ్చని అన్నాడు. ఆ రెండు మాటల్లో నాన్న మొదటిది తీసుకున్నాడు, అమ్మ రెండోది తీసుకుంది. నేను రెండింటి వెనకా దాక్కున్నాను. నన్నెవరూ అడగలేదు. ఎవరికీ అనుమానం రాలేదు. అడిగితే చెప్పేదాన్నని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

ఆంటీలు పండ్లు తీసుకుని చూడ్డానికి వచ్చారు. "ఈ వయసులో ఎందుకొచ్చిన సరదా సుభద్రా!" అని నవ్వారు. అమ్మ కట్టుకట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని వాళ్లతోపాటు నవ్వింది. తడి దుప్పట్లు ఎత్తే పని ఇక చేయలేక, మడతలు పెట్టే చోటికి మారింది. తర్వాతి చలికాలం నాన్న, "పోదామా?" అంటే, "వద్దులే. వయసుకు తగినట్టుండాల" అంది. మంగళవారం వంట మళ్లీ అమ్మకే వచ్చింది. విరిగిన చెయ్యి ఏడాదిలో బాగైంది. బాగుకానిది ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు, తెలుసుకోవాలనీ చూడలేదు. చదువు, ఉద్యోగం, పెళ్లి, ఒక కూతురు, టౌరంగాలో ఇల్లు. ఇప్పుడు అమ్మ వయసు ఆడవాళ్లు, మన వాళ్లే, పడవలు నడుపుతున్నారు, కొండలెక్కి ఫోటోలు పెడుతున్నారు, అందరూ శభాష్ అంటున్నారు. ఆ రోజుల్లో మా అమ్మ తన ఇష్టాన్ని ఎక్స్‌ట్రా షిఫ్ట్ అని పిలవాల్సి వచ్చింది, సొంత కూతురు నవ్వుతుందని.

కర్మలన్నీ అయ్యాక అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాను. వచ్చిన నాలుగో రోజు, మా ఆయనా పాపా బయటికి వెళ్లిన పొద్దుటిపూట, వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తున్న అమ్మ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఎడమది బిగించడం, కుడిది వదిలేయడం, 'అయిపోయింది' అనడం, చెక్కబల్ల దాటి రావడం. అమ్మ చేతులు ఆగిపోయాయి. నా వైపు చూస్తూనే ఉంది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. అడిగింది: "మీ నాయనకు చెప్పినావా?"

"లేదమ్మా."

"ఆయనకు చెప్పాల్సింది." గొంతు పెరగలేదు. "ఆయన ఎన్నిసార్లన్నాడే ఆ మాట. నేను ఊరికే అంటాండాడనుకుంటి. నువ్వు ఆ గదిలోనే కూర్చోనుంటివి." చిక్కుళ్ల గిన్నె అక్కడే వదిలి లేచి వెళ్లిపోయింది.

తొమ్మిది రోజులు అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. కోప్పడితే బాగుండేది. నా కూతురికి జడ వేసింది, నా భర్తకు రొట్టెలు చేసింది, నేను గదిలోకి వస్తే మెల్లగా లేచి వెళ్లింది. పదో రోజు పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే వంటింట్లో నుంచి పిలిచింది. స్టవ్ ఆర్పేసి ఉంది. నడి వంటింట్లో, కాలిమేజోళ్లతో, నున్నటి టైల్స్ మీద నిలబడి ఉంది.

"ఆ పొద్దు నువ్వు కింద నుంచి చూస్తాంటివి గదా," అంది. "కడా మలుపు. నిజం చెప్పు. తిరిగినాక పడినానా, తిరగలేక పడినానా?"

"తిరిగినాకేనమ్మా. మలుపు పూర్తయింది. బోర్డు తిన్నగా వచ్చింది. అప్పుడు ఊడింది."

"నన్ను ఊరడించేదానికి చెప్పొద్దు."

"లేదమ్మా. నేను చూశాను."

అమ్మకు అరవై రెండేళ్లు. మోకాళ్లు రెండూ మెల్లగా వంచింది. ఎడమ భుజం తిప్పింది, దాని వెంట నడుము తిప్పింది, మడమల మీద బరువు వేసి ఆగింది. ఎదురుగా ఏమీ లేదు, ఫ్రిజ్ తప్ప. ఆమె చూపు మాత్రం చాలా దూరంలో, చాలా కిందికి ఉంది. "నేను పడలేదన్నమాట," అని తనలో తాను అనుకుంది. మొహంలో సంతోషమో దుఃఖమో నాకు తెలియలేదు. నన్ను క్షమించానని ఆ రోజూ అనలేదు, ఇంతవరకూ అనలేదు. ఆ వంగిన మోకాళ్లతోనే తల మాత్రం నా వైపు తిప్పి అడిగింది:

"ఇట్లనే కదా?"

"ఇట్లనేనమ్మా," అన్నాను.